సేవ్ ఫైళ్లు ఎక్కడ ఉండాలి: సర్వసభ్య సమావేశ తీర్మానం

విషయం: కంప్యూటర్ గేములు తమ సేవ్ ఫైళ్లను భద్రపరచవలసిన చోటు, భద్రపరిచే పద్ధతి.

గేములు తయారుచేసేవారూ, ఆడేవారూ సభ్యులుగా ఉన్న మన సంఘం సర్వసభ్య సమావేశం పై విషయాన్ని చర్చించి ఈ తీర్మానం చేసింది. విండోస్, లైనక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ఆడే గేములకు ఇది వర్తిస్తుంది. ఫోన్లలో, కన్సోళ్లలో ఫైలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే వీలు గేముకు చాలా తక్కువ కనుక వాటి జోలికి పోలేదు.

పీఠిక

(అ) సేవ్ ఫైలు ఆడేవారి సొత్తు అని ఈ సభ భావిస్తున్నది. గేము చెరిగిపోతే మళ్లీ దించుకోవచ్చు. అందులోని బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు తయారీదారు దగ్గర భద్రంగానే ఉంటాయి. ఆడేవారు నెలల తరబడి కట్టుకున్న ఊరు, సాగుచేసిన పొలం, ఎంతో కష్టపడి దాటిన ఘట్టం మాత్రం, క్లౌడ్ కాపీ లేకపోతే, వారి డిస్కులో తప్ప ఇంకెక్కడా ఉండవు. పోతే తయారీదారు కూడా తిరిగి ఇవ్వలేరు. గేముకు సంబంధించిన ఫైళ్లన్నిటిలో అతి విలువైనవి ఇవే.

(ఆ) అంత విలువైన ఫైలు ఎక్కడుందో ఆడేవారిలో చాలామందికి తెలియదు. ఒక్కో గేము ఒక్కో దారి పట్టడమే దానికి కారణం. విండోస్‌లో ‘స్కైరిమ్’ (2011), ‘సివిలైజేషన్ 6’ (2016) డాక్యుమెంట్స్‌లోని ‘మై గేమ్స్’ కింద సేవ్ చేస్తాయి. ‘విచర్ 3’ (2015) డాక్యుమెంట్స్‌లోనే వేరే ఫోల్డర్ పెట్టుకుంది. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ (2016), ‘ఎల్డెన్ రింగ్’ (2022) యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డర్‌ను వాడతాయి. ‘అండర్‌టేల్’ (2015) అదే యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్‌ను, ‘హాలో నైట్’ (2017) తక్కువ అనుమతులతో నడిచే ప్రోగ్రాముల కోసం ఏర్పరచిన మూడో ఫోల్డర్‌ను ఎంచుకున్నాయి. యాప్‌డేటా మామూలుగా కంటికి కనిపించని ఫోల్డర్. ఏ గేము సేవ్ ఎక్కడుంటుందో చెప్పడానికే పీసీ గేమింగ్ వికీ పేజీల్లో ప్రత్యేక విభాగం నడుస్తున్నది. సేవ్ ఫైళ్లను వెతికిపట్టి బ్యాకప్ తీయడానికే ‘లూడుసావి’ లాంటి ప్రోగ్రాములు పుట్టాయి. ఆ వికీని, ప్రోగ్రాములను తయారుచేసిన స్వచ్ఛంద కార్యకర్తలకు ఈ సభ కృతజ్ఞతలు తెలుపుతున్నది. వారి శ్రమ అవసరం లేని పరిస్థితి తేవడం తయారీదారుల బాధ్యత.

(ఇ) ఈ చిందరవందరకు ఒక చరిత్ర ఉంది. డాస్ కాలంలోనూ, విండోస్ 95 నాటికీ గేము తన ప్రోగ్రాం పక్కనే సేవ్ ఫైలు రాసుకునేది. 2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో తెరిచిన ప్రోగ్రాములనూ మామూలు వాడుకరి హోదాతోనే నడిపి, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో అవి రాయకుండా ఆపింది. పాత గేములు ఆగిపోకుండా, అవి రాసేవాటిని ‘వర్చువల్ స్టోర్’ అనే మరో చోటికి చప్పుడు చేయకుండా మళ్లించింది. గేముకు తన ఫోల్డర్‌లోనే ఫైలు ఉన్నట్టు కనిపించేది. ఆడేవారు వెళ్లి చూస్తే అక్కడ ఏమీ ఉండేది కాదు.

(ఈ) అదే విస్టా ప్రతి వాడుకరి ఖాతాలోనూ ‘సేవ్డ్ గేమ్స్’ అనే ఫోల్డర్‌ను సిద్ధంగా ఉంచింది. పేరులోనే పని ఉంది. అది దాచిపెట్టిన ఫోల్డర్ కాదు, ఏ వాడుకరిది వారికే వేరుగా ఉంటుంది. చోటు చూపించి దాదాపు రెండు దశాబ్దాలైనా దాన్ని వాడుతున్న గేములు తక్కువే. వాడటం సాధ్యమేనని ‘డూమ్’ (2016) చూపించింది. ‘విచర్ 3’ని డాక్యుమెంట్స్‌లో పెట్టిన సంస్థే 2020లో ‘సైబర్‌పంక్ 2077’ సేవ్‌లను సేవ్డ్ గేమ్స్‌లో పెట్టింది.

(ఉ) డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఇప్పుడు గేములకు తగిన చోటు కాదు. చాలా కంప్యూటర్లలో అది వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటున్నది. అక్కడ ఉచితంగా దొరికే చోటు 5 జీబీ. పెద్ద సేవ్‌లు అందులో చేరితే ఇంటివారి సర్టిఫికెట్లకూ ఫోటోలకూ చోటు కరవవుతుంది. 2017 నుంచి విండోస్ 10లో ఉన్న ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అనే రక్షణను ఎవరైనా పెట్టుకుంటే, తనకు తెలియని ప్రోగ్రాం డాక్యుమెంట్స్‌లో రాయకుండా అది అడ్డుకుంటుంది. అలా అడ్డుకున్న ప్రోగ్రాం ఒక చిన్న సంస్థ గేమైతే, ఆడినదంతా సేవ్ కాకుండా పోతుంది.

(ఊ) లైనక్స్‌లో ఎక్స్‌డీజీ ప్రమాణం 2003 నుంచీ ఉంది. డేటాకు, సెట్టింగులకు, తాత్కాలిక ఫైళ్లకు అది వేర్వేరు చోట్లు చూపిస్తుంది. 2021లో ‘స్టేట్’ అనే మరో చోటును చేర్చింది. వాడుకరికి అంత ముఖ్యం కానివీ, మరో కంప్యూటర్‌కు తీసుకెళ్లనక్కరలేనివీ అందులో ఉండాలని చెప్పింది. సేవ్ ఫైలు ముఖ్యమైనదీ, వెంట తీసుకెళ్లవలసినదీ కనుక దాని స్థానం డేటా ఫోల్డరే. అయినా యూనిటీ ఇంజన్‌తో చేసిన గేములు సాధారణంగా లైనక్స్‌లో సెట్టింగుల ఫోల్డర్‌లో సేవ్ చేస్తున్నాయి. ‘మైన్‌క్రాఫ్ట్’ హోమ్‌లోనే దాగిన ఫోల్డర్ పెట్టుకుంటుంది.

తీర్మానం

పై సంగతులన్నీ పరిశీలించిన మీదట ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. సేవ్ ఫైలు ఆడేవారికి సులభంగా దొరకాలి, కాపీ తీసుకునేందుకు వీలుగా ఉండాలి, గేము తీసేసినా నిలవాలి. కింది నిబంధనల్లో ఎక్కడైనా సందేహం వస్తే ఈ మూడు అవసరాలను బట్టి తేల్చుకోవాలి.

2. విండోస్‌లో సేవ్ ఫైళ్లు ‘సేవ్డ్ గేమ్స్’ ఫోల్డర్‌లో, తయారీదారు పేరు, దాని కింద గేము పేరు ఉన్న ఫోల్డర్‌లో ఉండాలి. గేము ఇన్‌స్టాల్ అయిన చోట, డాక్యుమెంట్స్‌లో, డెస్క్‌టాప్‌పై, రిజిస్ట్రీలో సేవ్‌లు పెట్టరాదు.

3. లైనక్స్‌లో ఎక్స్‌డీజీ డేటా ఫోల్డర్‌లో ఉండాలి. వాడుకరి వేరే చోటు పేర్కొని ఉంటే అక్కడే పెట్టాలి. మ్యాక్‌లో లైబ్రరీలోని ‘అప్లికేషన్ సపోర్ట్’ ఫోల్డర్‌లో ఉండాలి. 2011లో వచ్చిన లయన్ నుంచీ లైబ్రరీ ఫోల్డర్ కంటికి కనిపించదు కనుక మ్యాక్‌లో 7వ నిబంధన మరింత అవసరం.

4. చోటు చిరునామాను కోడ్‌లో నేరుగా రాయరాదు. ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకోవాలి. కంప్యూటర్ మొరాయిస్తే సి డ్రైవ్ ఫార్మాట్ చేయించి విండోస్ మళ్లీ వేయించుకోవడం మన దగ్గర మామూలు. అందుకే ముఖ్యమైనవి డి డ్రైవ్‌లో దాచుకునేవారు ఎందరో ఉన్నారు. సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్‌ను ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డి డ్రైవ్‌కు మార్చుకునే వీలు విండోస్‌లోనే ఉంది. సి డ్రైవ్ చిరునామాను పట్టుకు వేలాడే గేము ఆ జాగ్రత్తను వమ్ము చేస్తుంది.

5. సేవ్‌లు, సెట్టింగులు, తాత్కాలిక ఫైళ్లు వేర్వేరు చోట్ల ఉండాలి. తెర పరిమాణం, గ్రాఫిక్స్ స్థాయి లాంటివి ఆ కంప్యూటర్‌కు చెందినవి. పెద్ద కంప్యూటర్‌లోని సెట్టింగులు సేవ్‌తో కలిసి చిన్న ల్యాప్‌టాప్‌కు చేరితే గేము తెరుచుకోకపోవచ్చు. తాత్కాలిక ఫైళ్లను ఎప్పుడు చెరిపినా నష్టం ఉండకూడదు.

6. ఉన్న సేవ్‌పై నేరుగా తిరగరాయరాదు. కొత్త సేవ్‌ను అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పూర్తిగా రాసి, అది డిస్కుకు చేరిందని నిర్ధారించుకుని, అప్పుడే పాత పేరుకు మార్చాలి. అదే ఫోల్డర్ అనడానికి కారణం ఉంది: పేరు మార్పు ఒకే డ్రైవ్‌లోనైతే ఒక్క దెబ్బలో ముగుస్తుంది, డ్రైవ్ మారితే అది కాపీగా మారి మధ్యలో తెగవచ్చు. ముందటి సేవ్‌ను కనీసం ఒక్కటైనా నిలిపి ఉంచాలి. సేవ్ అవుతుండగా కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి చెక్కుచెదరకుండా మిగలాలి.

7. గేము మెనూలో ‘సేవ్ ఫోల్డర్ తెరువు’ అనే బటన్ ఉండాలి. నొక్కితే ఆ ఫోల్డర్ నేరుగా తెరుచుకోవాలి. సేవ్ ఫైళ్ల పేర్లలో ఆట పేరో తేదీయో చూడగానే అర్థమయ్యేలా ఉండాలి.

8. తెలుగు పేరున్న వాడుకరి ఖాతాలోనూ, తెలుగు పేరు పెట్టిన సేవ్‌తోనూ గేమును పరీక్షించి మరీ విడుదల చేయాలి. విండోస్ పాత పద్ధతిలో ఒక్కో భాషకో, భాషల గుంపుకో ఒక ఆన్సీ కోడ్ పేజీ ఉంటుంది. తెలుగుకు అది ఎన్నడూ లేదు, యూనికోడ్ ఒక్కటే ఆధారం. పాత పద్ధతి ఫంక్షన్లతో రాసిన గేము తెలుగు పేరున్న ఫోల్డర్‌ను చదవలేదు, సేవ్ చేయలేదు. మొదటినుంచీ యూనికోడ్ ఫంక్షన్లు వాడటమే దీనికి పరిష్కారం. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి ప్రోగ్రాం తనకు యూటీఎఫ్-8 కావాలని ప్రకటించుకోవచ్చు కూడా. పేరు పొడవును అక్షరాల్లో లెక్కపెట్టి సరిపెట్టుకోరాదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ మూడు బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు.

9. గేమును అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సేవ్‌లు ఉంచాలా, చెరపాలా అని అడగాలి. జవాబు ఇవ్వకపోతే ఉంచాలి.

10. క్లౌడ్ సేవ్ అదనపు సదుపాయమే, ఆడేవారి డిస్కులోని కాపీకి బదులు కాదు. స్టీమ్ క్లౌడ్ 2008లో వచ్చినప్పటి నుంచి ఎంతో మేలు జరిగింది. అయితే క్లౌడ్ పని రెండు వైపులా ఒకేలా ఉంచడం. ఇక్కడ చెడిన ఫైలు అక్కడికీ వెళ్తుంది, ఇక్కడ చెరిపినది అక్కడా చెరుగుతుంది. రెండు చోట్లా వేర్వేరు సేవ్‌లు కనిపిస్తే గేము తనంతట తాను ఒకటి ఎంచుకోరాదు. తేదీ, ఆడిన సమయం చూపించి ఆడేవారినే అడగాలి.

11. ఇప్పటికే విడుదలైన గేములు కొత్త చోటుకు మారేటప్పుడు పాత సేవ్‌లను కాపీ చేయాలి, తరలించరాదు. కొత్త చోట గేము సవ్యంగా తెరుచుకున్నాక కూడా పాతవాటిని చెరిపే నిర్ణయం ఆడేవారిదే.

12. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఎక్కడైనా ఆడేలా చేసిన గేములకు 2వ, 3వ నిబంధనల నుంచి మినహాయింపు ఉంటుంది. ఆ పద్ధతిని ఆడేవారు కావాలని ఎంచుకున్నప్పుడే అది వర్తిస్తుంది.

చర్చలో వచ్చిన అభ్యంతరాలు, సభ అభిప్రాయం

ఫైళ్లు కంటికి కనిపిస్తే మార్చి మోసం చేస్తారని కొందరు సభ్యులు అన్నారు. ఒంటరిగా ఆడుకునే గేములో సేవ్ మార్చుకోవడం వల్ల ఇతరులకు నష్టం లేదు. పోటీ ఉన్న ఆన్‌లైన్ గేముల్లో లెక్కలు సర్వర్లోనే ఉండాలి. దాగిన ఫోల్డర్ మోసగాళ్లను ఆపలేదు, బ్యాకప్ తీసుకునేవారిని మాత్రం ఆపుతుంది.

యాప్‌డేటా ప్రోగ్రాముల డేటా కోసమే ఉన్నది కదా అని మరికొందరు అడిగారు. అందులోని రోమింగ్ ఫోల్డర్, ఆఫీసు నెట్‌వర్కుల్లో ఖాతాతోపాటు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు కాపీ అయ్యేలా ఉద్దేశించినది, పెద్ద సేవ్‌లకు తగదు. లోకల్ ఫోల్డర్ ఆ కంప్యూటర్‌కే పరిమితమైనవాటి కోసం. ఆడేవారి సొత్తుకు వేరే చోటు ఉన్నప్పుడు యాప్‌డేటాను వాడటం సబబు కాదు.

ఇంజన్ ఇచ్చిన చోటునే వాడుతున్నామని చిన్న తయారీదారులు చెప్పుకున్నారు. వారి మాట నిజం. యూనిటీ, అన్‌రియల్, గోడో ఇంజన్లు మూడూ విండోస్‌లో మూడు వేర్వేరు చోట్లు చూపిస్తాయి. తక్కువమందితో గడువు తరుముతుండగా పనిచేసే బృందం అడక్కుండా దొరికినదాన్నే వాడుతుంది. అందువల్ల అసలు మార్పు ఇంజన్లలోనే రావాలని సభ గుర్తిస్తున్నది. ఎస్‌డీఎల్ అనే గేము కోడ్ లైబ్రరీ మూడో వెర్షన్‌లో సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్‌ను నేరుగా అడిగే సదుపాయం ఉండటాన్ని సభ హర్షిస్తున్నది.

అమలు

13. సంఘ సభ్యులు ఇకపై మొదలుపెట్టే ప్రతి గేములోనూ ఈ నిబంధనలను పాటిస్తారు. ఇప్పటికే అమ్ముడవుతున్న గేముల్లో ముందుగా 7వ, 9వ నిబంధనలను తర్వాతి అప్‌డేట్‌తో అమలు చేస్తారు. ఈ రెంటికీ సేవ్‌ల చోటు మార్చనక్కరలేదు, ఆడేవారికి మేలు మాత్రం వెంటనే అందుతుంది.

14. కొత్త ప్రాజెక్టుల్లో సేవ్‌ల కోసం ప్రత్యేకమైన చోటును, సెట్టింగుల చోటు నుంచి విడిగా, మొదటినుంచే చూపించాలని గేము ఇంజన్ల తయారీదారులను ఈ సభ కోరుతున్నది. గేము పేజీలో సేవ్ ఫోల్డర్ చిరునామాను తప్పనిసరి వివరంగా చేర్చాలని గేములు అమ్మే సంస్థలను కోరుతున్నది.

15. కంప్యూటర్ మార్చేటప్పుడు, ఫార్మాట్ చేయించేటప్పుడు సేవ్‌లను ఎలా కాపాడుకోవాలో వివరించే చిన్న పుస్తకాన్ని తెలుగులో తయారుచేసి ఉచితంగా పంచే బాధ్యతను కార్యవర్గానికి అప్పగించడమైనది. కంప్యూటర్ రిపేరు దుకాణాలవారికీ దాన్ని అందజేయాలి. ఫార్మాట్ చేసే ముందు సేవ్డ్ గేమ్స్, యాప్‌డేటా ఫోల్డర్లను కాపీ తీసి ఉంచడాన్ని తమ పనిలో భాగం చేసుకోవాలని వారిని కోరాలి.

16. ఈ తీర్మానం అమలు తీరును కార్యవర్గం వచ్చే సర్వసభ్య సమావేశంలో నివేదించాలి. ఏ గేము ఏ నిబంధనను పాటించిందో, ఏది పాటించలేదో పేరుపేరునా ఆ నివేదికలో చెప్పాలి.

చర్చ అనంతరం ఓటుకు పెట్టగా, ఈ తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

అధ్యక్షులు, కార్యదర్శి
సర్వసభ్య సమావేశం తరఫున