శూన్యంలో వేడి ఎటు పోవాలి?

ఫ్లాస్కు లేని వంటిల్లు ఈనాడు అరుదు. రాత్రి పడుకోబోయే ముందు పోసి మూత బిగించిన టీ, తెల్లవారుజామున తీసినా ఇంకా పొగలు కక్కుతూనే ఉంటుంది. ఆ పాత్రకు గోడ ఒకటి కాదు, రెండు. రెంటి నడుమనున్న గాలిని తీసివేసి, లోపలి ముఖాలను అద్దంలా మెరిసేటట్లు చేస్తారు. 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త తన ప్రయోగశాలలోని అతి శీతల ద్రవాలకు బయటి వేడి సోకకుండా ఇటువంటి పాత్రను రూపొందించుకున్నాడు. వేడిని లోపలికి రానీయని గోడ, లోపలి వేడిని బయటికీ పోనీయదు. కనుకనే అది మన టీకి కూడా పనికివచ్చింది.

ఇప్పుడొక సంగతి ఊహించండి. ఆ ఫ్లాస్కులో టీకి బదులు పనిచేస్తూ ఉన్న సెల్‌ఫోనును పెట్టి మూత బిగించామనుకుందాం. ఫోను పనిచేసినంత సేపు వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి పోవడానికి దారి లేదు. కొంతసేపటికి ఫోను తన వేడికి తానే బలి అవుతుంది.

మన తలలపై తిరుగుతున్న ఉపగ్రహాల స్థితి సరిగ్గా ఇదే. అంతరిక్షం మహా శీతలమైనది కదా, అక్కడ యంత్రాలకు వేడి బాధ ఏమిటని పిల్లలు అడుగుతూ ఉంటారు. అది సహజమైన ప్రశ్న. అంతరిక్షం చల్లనిదే గాని, ఆ చల్లదనం వచ్చి యంత్రాన్ని తాకడానికి అక్కడ గాలి లేదు. ఉపగ్రహానికి ఆకాశమే ఒక పెద్ద ఫ్లాస్కు.

మూడు దారులలో మిగిలినది ఒకటే

వేడి ప్రయాణించే దారులు మూడని మనమందరం పాఠశాలలో చదువుకున్నాము. గరిటె కాడ గుండా చేతికి వచ్చేది ఉష్ణవహనం. గాలి గాని నీరు గాని కదలి మోసుకుపోయేది ఉష్ణ సంవహనం. ఎండ రూపంలోను, పొయ్యి ఎదుట కూర్చున్నప్పుడు ముఖానికి తగిలే సెగ రూపంలోను వచ్చేది ఉష్ణ వికిరణం. ఇంట్లో కంప్యూటరు లోపల తిరిగే చిన్న ఫ్యాను, స్కూటరు ఇంజనుకు ఉన్న రెక్కలు రెండవ దారినే నమ్ముకున్నవి. గాలి లేని చోట ఆ దారి మూసుకుపోతుంది. ఉపగ్రహం లోపల ఒక చోటి నుండి మరొక చోటికి వేడిని లోహం గుండా నడిపించవచ్చును. కాని యంత్రం నుండి బయటి ఆకాశంలోకి దానిని సాగనంపడానికి వికిరణం ఒక్కటే మిగులుతుంది.

ఆ దారి ఇరుకైనది. చదరపు మీటరు వైశాల్యం గల నల్లని పలక 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ముఖం నుండి వెదజల్లగలిగేది అత్యధికంగా 460 వాట్లు మాత్రమే. అనగా సుమారు ఆరు సీలింగు ఫ్యాన్లు వాడుకునే విద్యుత్తుతో సమానం. అదే పలక 57 డిగ్రీలకు చేరితే 670 వాట్ల వరకు వెదజల్లుతుంది. యంత్రం వేడెక్కే కొద్దీ వేడి త్వరగా వదులుతుందన్న మాట నిజమే. కాని లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు అంతవరకు ఓర్చుకోవాలి కదా! వేడి పెరిగితే చిప్పులలో అనవసరపు విద్యుత్తు కారడం హెచ్చుతుంది, అది మరింత వేడిని పుట్టిస్తుంది. ఎండలోకి, నీడలోకి మారినప్పుడల్లా లోహం సాగి ముడుచుకొని, టంకం వేసిన అతుకులు పగుళ్లు తీస్తాయి. భూమిపై అయితే మరమ్మతు చేసే మనిషి వీధి చివరనే ఉంటాడు. ఆకాశంలో ఆ మనిషి లేడు.

చిప్పు నుండి ఆకాశం దాకా

కనుక ఇంజనీర్లు వేడికి ఒక బాట వేస్తారు. చిప్పు క్రింది బోర్డులో రాగి పొరలు ఉంటాయి. అవి వేడిని అల్యూమినియం పెట్టె గోడకు చేరుస్తాయి. పెట్టెను ఉపగ్రహపు పలకకు బోల్టులతో బిగిస్తారు. ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. ఎంత నునుపుగా చెక్కినా రెండు లోహపు ముఖాలు ఒకదానినొకటి కొన్ని గరుకు మొనల వద్దనే తాకుతాయి. భూమిపై ఆ మొనల నడుమ గాలి ఉండి కొంత వేడిని దాటిస్తుంది. శూన్యంలో ఆ సాయమూ ఉండదు. అందుచేత నడుమ మెత్తని పొరను పరచి ఆ సందులను పూడ్చివేస్తారు. కోట్ల రూపాయల యంత్రపు ఆయువు ఒక్కొక్కసారి కాగితమంత పలుచని ఈ పొర మీద ఆధారపడి ఉంటుంది.

పలకకు చేరిన వేడిని దాని నలుమూలలకు పంచేది హీట్ పైపు. చేతి వేలంత లావున్న అల్యూమినియం గొట్టం అది. లోపల కొద్దిగా అమ్మోనియా పోసి రెండు కొసలు మూసివేస్తారు. అది పనిచేసే తీరు మన వంటిళ్లకు కొత్త కాదు. వలీమా విందుకు బిర్యానీని దమ్ములో పెట్టినప్పుడు, మూత చుట్టూ పిండి మెత్తి ఆవిరి పోకుండా చేస్తాము. అడుగున వేడి తగిలిన తేమ ఆవిరై పైకి లేస్తుంది, మూతకు తగిలి తన వేడిని దానికి ఇచ్చి బొట్లుగా మారి మళ్లీ క్రిందికి జారుతుంది. హీట్ పైపులోనూ ఇదే జరుగుతుంది. వేడిగా ఉన్న కొసన అమ్మోనియా ఆవిరవుతుంది. చల్లని కొసకు పరుగెత్తి అక్కడ ద్రవమై తాను మోసుకొచ్చిన వేడిని దింపుకుంటుంది.

అయితే దమ్ము గిన్నెలో బొట్టును క్రిందికి లాగే బరువు, భారరహితమైన ఆకాశంలో లేదు. మరి ద్రవం వెనుకకు ఎట్లా రావాలి? జవాబు దీపపు వత్తిలో ఉన్నది. నూనెను వత్తి ఎవరి సాయమూ లేకుండా పైకి లాక్కున్నట్లే, గొట్టం లోపలి గోడకు నిలువునా చెక్కిన సన్నని గాళ్లు ద్రవాన్ని వేడి కొసకు లాగుతాయి. మోటారు లేదు, కదిలే భాగం లేదు, అరిగిపోయేది ఏదీ లేదు. అయినా అదే లావున్న రాగి కడ్డీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. ఈ ఊహకు 1940 దశకంలోనే అమెరికాలో రిచర్డ్ గాగ్లర్ పేటెంటు పొందినా, అది మూలనపడి ఉండిపోయింది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన జార్జ్ గ్రోవర్ దానిని స్వతంత్రంగా రూపొందించి ఆ పేరు పెట్టాడు. 1968లో జియోస్-2 ఉపగ్రహంలో అది పనికి కుదిరింది. నేడు అదే పరికరం లాప్‌టాప్‌ల లోపల కూడా ఉన్నది.

బాట చివర ఉండేది రేడియేటరు పలక. సమాచార ఉపగ్రహాలలో దీనిని ఉత్తర దక్షిణ ముఖాలపై అమర్చుతారు. ఏడాది పొడవునా ఆ ముఖాలపై ఎండ ఏటవాలుగా మాత్రమే పడుతుంది. దానిపై వెనుక వెండిపూత గల సన్నని గాజు బిళ్లలను అతికిస్తారు. ఎండను ఆ వెండి తిప్పికొడుతుంది, లోపలి వేడిని ఆ గాజు వెదజల్లుతుంది. మిగిలిన ముఖాలను మెరిసే పలుచని పొరల దుప్పటితో కప్పుతారు. ఉపగ్రహాల చిత్రాలలో మీరు చూసే బంగారు రంగు ఆ దుప్పటిదే.

మన చంద్రయానం చెప్పిన పాఠం

ఈ శ్రమ అంతా కాగితం మీది లెక్క కాదనడానికి మన దేశపు అనుభవమే సాక్ష్యం. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి చంద్రయాన్-1 బయలుదేరింది. నవంబరులో చంద్రునికి 100 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో కుదురుకున్నది. రెండు వారాలు తిరగకముందే నౌక లోపలి వేడి 50 డిగ్రీల వరకు పెరిగింది.

కారణం చంద్రుడే. మధ్యాహ్న సూర్యుని క్రింద చంద్రుని నేల సుమారు 120 డిగ్రీల వరకు కాగుతుంది. ఒక్కొక్క చదరపు మీటరు నుండి ఇంచుమించు 1,300 వాట్ల వేడి పైకి చిమ్ముతుంది. మన భూమి సగటున చిమ్మేది 240 వాట్లే. పైగా అంత దగ్గరి నుండి చూస్తే క్రింది వైపు ఆకాశమంతటినీ చంద్రుడే ఆక్రమించి ఉంటాడు. కక్ష్య మధ్యాహ్నపు ప్రాంతాల మీదుగా సాగే కాలంలో నౌకకు ఒక ప్రక్క నేరుగా ఎండ, మరొక ప్రక్క పెనం వంటి నేల.

బెంగళూరులోని శాస్త్రజ్ఞులు నౌకను సుమారు 20 డిగ్రీలు త్రిప్పారు. కొన్ని పరికరాలను ఆపివేసి, కొంతకాలం ఒక్కొక్కటిగా నడిపారు. వేడి తగ్గింది. కాని 2009లో నౌక దిక్కు తెలుసుకునే నక్షత్ర సూచికలు దెబ్బతిన్నాయి. మే నెలలో కక్ష్యను 200 కిలోమీటర్లకు పెంచారు. ఆగస్టు 29న సంబంధం శాశ్వతంగా తెగిపోయింది. రెండేళ్లు పనిచేయాలని ఉద్దేశించిన నౌక 312 రోజులు పనిచేసింది. చంద్రుని దగ్గరి వేడి తాము వేసిన అంచనాను మించిపోయిందని తరువాత శాస్త్రజ్ఞులు బహిరంగంగానే ఒప్పుకున్నారు.

అది వైఫల్యమని మేము అనడం లేదు. చంద్రునిపై నీటి జాడను లోకానికి తెలిపిన పరికరం ఆ నౌకలోనిదే. మేము గమనించమంటున్నది ఆ ఒప్పుకోలును. లెక్క తప్పినప్పుడు తప్పిందని చెప్పిన చోటనే తరువాతి లెక్క సరిపడుతుంది. 2019లో వెళ్లిన చంద్రయాన్-2 కక్ష్యా నౌకను ఏడాది పనికే ఉద్దేశించారు. అదే 100 కిలోమీటర్ల ఎత్తున అది ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చింది.

మనుషులున్న చోట

యంత్రం ఒక్కటే అయితే నష్టం ధనంతో సరి. మనుషులున్న చోట సంగతి వేరు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో లోపలి వేడిని నీరు మోస్తుంది, బయట దానిని అమ్మోనియా అందుకొని పెద్ద రేడియేటర్లకు చేరుస్తుంది. అమ్మోనియా విషవాయువు గనుక దానిని మనుషులుండే గదులలోకి రానీయరు. 2010 జూలై 31న అమ్మోనియాను నడిపే రెండు పంపులలో ఒకటి ఆగిపోయింది. కేంద్రపు చల్లదనంలో సగం పోయింది. అనేక పరికరాలను ఆపివేయవలసి వచ్చింది. రెండవది కూడా ఆగితే ఏమిటన్న ప్రశ్న అందరి మనసులలో మెదిలింది. డగ్లస్ వీలాక్, ట్రేసీ కాల్డ్‌వెల్ డైసన్ అనే ఇద్దరు వ్యోమగాములు ఆగస్టు 7, 11, 16 తేదీలలో మూడుసార్లు శూన్యంలోకి వెళ్లారు. మొదటి రోజున ఒక గొట్టపు బిగింపు ఊడిరాక మొరాయించింది, అమ్మోనియా రేణువులు చిమ్మాయి. మూడవ రోజుకు కొత్త పంపు కూర్చున్నది. ఇంట్లో నీళ్ల మోటారు ఆగితే మార్చుకోవడం వంటి పనే అది. కాని అక్కడ అది ప్రాణాలతో ముడిపడిన పని.

ఆ కేంద్రంలో గాలి ఉన్నా మరొక చిక్కు ఉన్నది. బరువు లేని చోట వేడి గాలి పైకి లేవదు. అందుకే అక్కడ ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూ గాలిని కదిలిస్తూనే ఉంటాయి.

ఇక శీతలం సంగతి. చంద్రునిపై రాత్రి మన పద్నాలుగు రోజుల పొడవు ఉంటుంది. పగలు వేడిని వదలడానికి పెట్టిన పలకే రాత్రి ఉన్న కాస్త వేడినీ పోగొడుతుంది. 1970లో సోవియట్ యూనియన్ దింపిన లూనోఖోద్-1 బండికి పైభాగాన రేడియేటరు, దానిపై మూత ఉండేవి. పగలు మూత తెరచుకునేది, రాత్రి మూసుకునేది. లోపల రేడియోధార్మిక పదార్థం వెచ్చదనాన్ని ఇచ్చేది. అది ఎన్నో చాంద్ర రాత్రులను దాటింది. 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్, సౌరశక్తి మీదనే ఆధారపడి ఒక పగటి పనికై వెళ్లినది. తన పని ముగించి సెప్టెంబరు ఆరంభంలో నిదురపోయింది, మరల మేల్కొనలేదు.

మన ఇంటికి వస్తే

వేడిని నాశనం చేయలేము, ఒక చోటి నుండి మరొక చోటికి పంపగలము. ఈ కథలన్నిటి సారం అంతే. పని చేసే ప్రతి యంత్రమూ వేడి రూపంలో సుంకం చెల్లించవలసిందే. ఆ సుంకం పోయే దారిని మూసితే యంత్రం చెడుతుంది. రాత్రివేళ ఛార్జింగు పెట్టిన ఫోనును దిండు క్రింద ఉంచడం, లాప్‌టాప్‌ను పరుపుపై పెట్టి దాని గాలి రంధ్రాలను మూసివేయడం, టీవీ పెట్టె మీద గుడ్డ కప్పి దానిని నడపడం, ఇవన్నీ మన చేతులతో మనమే వాటిని ఫ్లాస్కులో పెట్టడం. బ్యాటరీ ఉన్న చోట అది నిప్పుకు కూడా దారి తీయవచ్చును. పిల్లలు పడుకునే మంచాలపై ఈ అలవాటును నేటి నుండే మాన్పించండి.

సెలవు రోజున పిల్లలతో ఒక చిన్న పరీక్ష చేయించండి. ఒకే కొలత గల రెండు స్టీలు గ్లాసులు తీసుకొని, ఒకదానికి వెలుపల దీపపు మసి పట్టించండి, రెండవదానిని తళతళ మెరిసేటట్లు తోమండి. రెంటిలోను సమానంగా వేడి నీరు పోసి మూతలు పెట్టి, పావుగంటకొకసారి ఉష్ణమాపకంతో చూడమనండి. మసి పట్టిన గ్లాసు ముందుగా చల్లారడం వారు గమనిస్తారు. ఎందుకని అడుగుతారు. అప్పుడు వారిని ఆరుబయటికి తీసుకువెళ్లి, చుక్కల నడుమ నిశ్శబ్దంగా సాగిపోయే ఒక ఉపగ్రహాన్ని చూపించండి.