బల్లకు ఇవతల, అవతల

సంపాదకుడు గారికి,



"సోషలిజం నాటి రోజులే మేలు" అని నా ఈడువారును, "ఆ రోజులలో క్యూలు తప్ప ఏమున్నవి?" అని పిల్లలును వాదించుకొనుట ప్రతి తెలుగింటను వినబడుచున్నది. రెండు కాలములలోను సంసారం ఈదినవాడను గనుక నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసికొనుచున్నాను.

1955 జనవరిలో మద్రాసు దగ్గర ఆవడిలో జరిగిన కాంగ్రెసు మహాసభ సోషలిస్టు తరహా సమాజమును ఆశయముగా ప్రకటించినది. మనది పూర్తి సోషలిజం ఎన్నడును కాదు, ప్రైవేటువారును ఉండిరి. అయితే పెద్ద ఫ్యాక్టరీ పెట్టవలెనన్నా, పెంచవలెనన్నా లైసెన్సు కావలసియుండెను. అందుచేత స్కూటరుకు పైకము కట్టినవారు ఏండ్ల తరబడి కాచుకొనెడివారు. 1991 నాటికి దేశమంతటికీ టెలిఫోనులు సుమారు 50 లక్షలు మాత్రమే. నేడు ఫోను కనెక్షన్లు 110 కోట్లకు పైమాటే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకొనవలెను. 1977లో నేను గుమాస్తాగా చేరునాటికి సిమెంటు నియంత్రణలో ఉండెను. ఇల్లు కట్టుకొనదలచినవాడు పర్మిట్టు కోసం మా బల్ల ముందు చేతులు కట్టుకొని నిలిచెడివాడు. 1982లో ఆ నియంత్రణ కొంత సడలి, 1989లో పూర్తిగా పోయినది. దానితో మాకు వచ్చు నమస్కారములును తగ్గినవి! పాతరోజులే మేలని మావంటివారు అనుటలో, బల్లకు ఇవతల కూర్చున్న సుఖం కొంత కలదు. అవతల నిలుచున్నవారిని అడిగిన వేరొక మాట చెప్పుదురు.

1991లో బంగారం తాకట్టు పెట్టవలసిన దుర్గతి పట్టినప్పుడు, మన తెలుగువారైన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగాను, మన్మోహన్ సింగు గారు ఆర్థికమంత్రిగాను ఉండి లైసెన్సులను చాలవరకు ఎత్తివేసిరి. అంగళ్లలో సరుకు నిండినది. టెండూల్కర్ సంఘం పద్ధతి ప్రకారం, 1993-94లో నూటికి 45 మంది బీదలుండగా 2011-12 నాటికి 22 మందికి తగ్గిరి. ఇది సామాన్యమైన మేలు కాదు.

కాని క్యూ పోలేదు, చోటు మార్చినది. ఒకప్పుడు సరుకు కోసం నిలిచితిమి. నేడు మన పిల్లలు ఉద్యోగం కోసం నిలుచుచున్నారు. మా హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలకు కొదువలేదు. కాని కాంట్రాక్టు కింద చేరిన కుర్రవానికి వచ్చే ఏడు పని ఉండునో లేదో తెలియదు. నాకు నెలనెలా పింఛను వచ్చుచున్నది. 2004 జనవరి 1 తరువాత కేంద్ర కొలువులో చేరినవారికి (సైన్యం మినహా) ఆ పాత పద్ధతినే తీసివేసిరి. కాంట్రాక్టు పిల్లవాని మాట చెప్పనేల? ఇక ఇంటిలో ఒక్కరికి పెద్దజబ్బు చేసిన, ఆసుపత్రి బిల్లుకు ఇరువది ఏండ్ల కూడబెట్టు కరిగిపోవును.

తూర్పు జర్మనీ వారికిని ఇదే అనుభవం. అక్కడ అద్దెలు, రొట్టె ధర అతి చౌక. కారుకు మాత్రం పదేండ్లకు మించి నిరీక్షణ. 1990లో రెండు జర్మనీలు ఏకమైన పిదప కార్లు వచ్చినవి. ఫ్యాక్టరీలు మూతపడి లక్షలమంది పని పోగొట్టుకొనిరి.

మరి బియ్యం మాట? 1997లో కేంద్రం చౌకబియ్యమును ముఖ్యముగా బీదలకే పరిమితం చేయగా, తమిళనాడు మాత్రం రేషనును అందరికీ నిలిపినది. ఆ అంగడి విలువ 2020లో కరోనా వచ్చినప్పుడు అందరికీ తెలిసినది. 2023 జనవరి నుండి దేశమున సుమారు 80 కోట్లమందికి ఉచితముగా ధాన్యం ఇచ్చుటకు కేంద్రమే పూనుకొన్నది. సంతయే అందరి కడుపులు నింపునని వాదించువారు ఈ అంకెను ఒకసారి చూడవలెను.

కావున స్కూటరు, సిమెంటు, ఫోను వర్తకులకే వదలుట మంచిది. బియ్యం, మందు, బడి, ముసలితనపు ఆధారం మాత్రం సర్కారు చేయి విడువరాదు. నేను కూర్చున్న ఆ పర్మిట్టు బల్ల మరల రానక్కరలేదు. రేషను అంగడి మాత్రం మూతపడరాదని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
హోసూరు