పెరటి కబుర్లు: నీళ్ళు తిప్పే తిరగలి

పోయిన సంచికలో రోటి పచ్చళ్ళ గురించి రాసి తిరగలిని వదిలేశానని ఇద్దరు ముగ్గురు అక్కయ్యలు ఉత్తరాల్లో దెబ్బలాడారు. వదిలెయ్యలేదండీ. దానికో యాత్ర ముచ్చట ముడిపడి ఉంది, విడిగా చెబుదామని అట్టే పెట్టాను.

2022 మే నెలలో మా వారూ నేనూ, మా ఆడపడుచూ అన్నయ్యగారూ కలిసి బరంపురం నుంచి బదరీనాథ్ వెళ్ళాం. రుద్రప్రయాగ దాటాక ముందెక్కడో కొండరాళ్ళు జారిపడ్డాయని బళ్ళన్నీ ఆపేశారు. ఎంతసేపని కూర్చుంటాం? మగవాళ్ళు టీకొట్టు దగ్గర రాజకీయాల్లో పడ్డారు. మేమిద్దరం డ్రైవరు కుర్రాణ్ణి తోడు తీసుకుని, పక్కనే దూకుతున్న ఏటి వైపు దిగాం. అక్కడ రాళ్ళు పేర్చి కట్టిన చిన్న గది ఉంది. దాని కింద నుంచి నీళ్ళు నురగలు కక్కుతూ బయటికొస్తున్నాయి. లోపల గరగరమని చప్పుడు. గుమ్మంలో అడుగు పెట్టగానే కొత్త పిండి వాసన.

“మా అమ్మ వంటింటి వాసనే, వదినా” అంది మా ఆడపడుచు.

దాన్ని ఘరాట్ అంటారు. గఢ్వాల్ కొండల్లోనూ హిమాచల్‌లోనూ ఇదే పేరు, నేపాలులో ఘట్ట. ఏటికి ఎగువన గండి కొట్టి, కొండవాలు వెంట సన్నటి కాలువలో నీళ్ళు తెస్తారు. గది దగ్గరకొచ్చాక ఆ నీరు ఏటవాలుగా పెట్టిన చెక్క తూములోంచి జారి, నేల కింద ఉన్న చక్రం రెక్కల మీద పడుతుంది. అది బండి చక్రంలా నిలబడి తిరగదు, కుమ్మరి సారెలా పడుకుని తిరుగుతుంది. దాని మధ్య నిలువుగా ఒక ఇరుసు. ఆ ఇరుసు కింది రాతిలోంచి పైకొచ్చి పై రాతిని పట్టుకుని ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టు తిరుగుతుంది. పళ్ళ చక్రాలు లేవు, బెల్టులు లేవు. మన తిరగలి పిడి మీద చెయ్యి తీసేసి కింద నీళ్ళను పెట్టారు, అంతే.

ఇంతకంటే నన్ను ఆకట్టుకున్నది ఒక పుల్ల. గింజలు పోసిన బుట్ట రాతి మీద వేలాడుతుంటుంది. దానికో పుల్ల కట్టి, ఆ పుల్ల కొసను తిరిగే రాతి మీద ఆన్చారు. రాయి తిరుగుతుంటే పుల్ల గడగడలాడుతుంది, బుట్ట అదురుతుంది, గింజలు నాలుగేసి రాలతాయి. ఏట్లో నీరు తగ్గి రాయి మెల్లబడితే గింజలూ తగ్గుతాయి. ఎవరూ పక్కన కూర్చుని పిడికిళ్ళతో పోయక్కర్లేదు. ఈ పుల్ల సంగతి ఏ మహాతల్లికి తట్టిందో గాని ఆవిడకో దణ్ణం!

అప్పుడు ఆడుతున్నవి మండువాలు. చేతిలోకి తీసుకుంటే ఏమిటి, మన చోళ్ళే! రాయలసీమ, కన్నడ దేశపు మనవాళ్ళకి రాగులు. మా ఒడియా ఇరుగుపొరుగులు మండియా అంటారు. ఎక్కడి గఢ్వాల్, ఎక్కడి గంజాం! పిండి పట్టుకు చూశాను, చల్లగా ఉంది. మా వీధి మరలో ఆడించిన పిండి డబ్బాలో పొయ్యబోతే చెయ్యి చురుక్కుమంటుంది, ఇంటికొచ్చి పళ్ళెంలో ఆరబెట్టుకోవాలి. ఈ రాయి నిదానంగా తిరుగుతుంది కాబట్టి ఆ వేడి లేదు.

మహారాష్ట్ర శాఖ సభ్యులు ‘నీటి తిరగలి మాకూ ఉంది’ అంటారని తెలుసు. 2023లో ఛత్రపతి సంభాజీనగర్‌గా పేరు మారిన ఔరంగాబాదులో పన్‌చక్కీ ఉంది కదా. దూరపు కొండల ఊట నీటిని మట్టి గొట్టాల్లో భూమి లోపల నుంచి తెచ్చి, బాబా షా ముసాఫిర్ దర్గాకు వచ్చే బాటసారులకూ అక్కడి విద్యార్థులకూ దానితో పిండి ఆడేవారు. 1763 దాకా నిజాముల రాజధాని ఆ ఊరే. అది చూడ్డానికి జనం వస్తారు. ఈ ఘరాట్‌కి మాత్రం జనం గోనెసంచితో వస్తారు. మేం ఉన్నప్పుడే ఇద్దరు ఆడవాళ్ళు వంతు కోసం అరుగు మీద కూర్చున్నారు.

అయితే ఇదీ కొన్నేళ్ళు మూలపడ్డదేనట. రోడ్డు పడింది, బజారులో కరెంటు మర వచ్చింది. ఘరాట్‌లో కూలి డబ్బుగా ఇవ్వక్కర్లేదు, ఆడిన పిండిలో కొంత ముసలాయనకి పెడితే చాలు. కానీ గంటల తరబడి కూర్చోవాలి. జనం మానేశారు, చెక్క రెక్కలు చివికిపోయాయి. వంతు కోసం కూర్చున్నావిడే డ్రైవరు ద్వారా ఈ సంగతంతా చెప్పింది. కరెంటు పోయిన రోజు పిండి మూటతో కొండెక్కి దిగడం ఆవిడకి అప్పుడప్పుడూ తప్పేది కాదట.

ఇలాంటివాటిని మళ్ళీ తిప్పాలని పాటుపడినవాళ్ళున్నారు. డెహ్రాడూన్ ప్రాంతంలో హెస్కో అనే సంస్థను నడిపే అనిల్ ప్రకాశ్ జోషీగారు ఘరాట్ల కోసం చాలా కాలంగా పనిచేస్తున్నారు. 2006లో పద్మశ్రీ, 2020లో పద్మభూషణ్ అందుకున్నారు. నేపాలులో 2003 నుంచి ఇదే పనిని పెద్ద కార్యక్రమంగా చేపట్టారు. దాన్ని నడిపిన గ్రామీణ సాంకేతిక కేంద్రానికి 2007లో ఇంగ్లండు వారి ఆష్‌డెన్ బహుమతి వచ్చింది. చేసే మార్పు పెద్దదేమీ కాదు. బల్లపరుపు చెక్క రెక్కల బదులు గరిటె గిన్నెలా గుంట ఉన్న ఇనుప రెక్కలు పెట్టి, ఇరుసు కింద బేరింగు వేస్తారు. నీటి దెబ్బ వృథాగా చెదిరిపోదు. పాతది గంటకు 10 నుంచి 20 కిలోలు ఆడితే, కొత్తది 20 నుంచి 50 దాకా ఆడుతుంది. ఇరుసు పొడుగు పెంచితే వడ్లు దంచుకోవచ్చు, చిన్న డైనమో తగిలించి నాలుగిళ్ళకు దీపాలూ వెలిగించుకోవచ్చు.

ఈ ఊళ్ళోనూ అలాగే ఇనుప చక్రం పెట్టించారు. సర్కారు సబ్సిడీ కొంత వచ్చిందట. మా అన్నయ్యగారు ఇంజనీరు. వెనకనుంచి వచ్చి చక్రం చూసి, “ఇదెంతలే, రెండు రోజుల పని” అనేశారు. ముసలాయన నవ్వి ఎగువకి చెయ్యి చూపించాడు. అసలు కష్టం అక్కడుంది. ప్రతి వానాకాలం ఏరు పొంగి గండి దగ్గర రాళ్ళు కట్టిన అడ్డు కొట్టుకుపోతుంది, కాలువ ఇసుకతో పూడిపోతుంది. వానలు వెనక్కి తగ్గాక ఊరంతా కలిసి తవ్వాలి. వెనకటికి ఇంటికో మనిషి వచ్చేవాడు. ఇప్పుడు కుర్రవాళ్ళంతా డెహ్రాడూన్‌లోనూ ఢిల్లీలోనూ ఉన్నారు. చక్రానికి సబ్సిడీ ఉంది గాని కాలువ తవ్వే చేతులకి లేదు. అందుకని ఊరి ఆడవాళ్ళే వంతులు వేసుకున్నారు. తవ్వడానికి రాని ఇంటివాళ్ళు ఒక పూట తవ్వేవాళ్ళకి రొట్టెలు చేసి తేవాలి. ఆ ఏడు కాలువ ఎవరు తవ్వారో, ఎవరు రొట్టెలిచ్చి తప్పించుకున్నారో ఆ ఇద్దరూ వేళ్ళ మీద లెక్క చెప్పారు. మా సంఘం ఉగాది వంటల జాబితా గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

దారి తెరిచారని మా వారు పైనుంచి కేకేశారు. రెండు కిలోల పిండి అడిగాం. ముసలాయన తన వాటాలోంచి తీసి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోవడానికి చాలాసేపు మొహమాటపడ్డాడు.

ఇంటికొచ్చాక ఆ పిండితో అంబలి కాచాను. మా అత్తగారి తిరగలి పెరట్లో ఉంది, నాలుగేళ్ళుగా దాని మీద తులసి కుండీ. మా ఆడపడుచు కుండీ దింపించి, రాళ్ళు కడిగి, గుప్పెడు చోళ్ళు పోసి తిప్పింది. గింజ గింజలాగే బయటికొచ్చింది. గంట్లు అరిగిపోయాయి. మా చిన్నప్పుడు వీధిలో ‘గంట్లు కొడతాం’ అని కేకలేస్తూ తిరిగేవారు, ఇప్పుడు బరంపురమంతా గాలించినా ఒక్కరు దొరకలేదు. టెక్కలి వైపు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు, కబురు పెట్టాం. మీ ఊళ్ళల్లో ఎవరికైనా తెలిస్తే ఒక కార్డు ముక్క రాయండి. అంతవరకూ కుండీని మాత్రం మళ్ళీ దాని మీద పెట్టనివ్వలేదు మా ఆడపడుచు.