విజ్ఞానమునకు గోడలు

ఒక సంస్థ నూతన ఆవిష్కరణలలో వెనుకబడినచో, అందు మేధావులు కొరవడిరని లోకము తలచును. మేధావులుండుట ఒక ఎత్తు, వారి విజ్ఞానము సంస్థలో ఏ తీరున అమరియున్నదనునది మరొక ఎత్తు అని మా అభిప్రాయము. యంత్రభాగములను గూర్చిన విజ్ఞానము వేరు, వానిని కూర్చు విజ్ఞానము వేరు అని 1990లో రెబెకా హెండర్సన్, కిమ్ క్లార్క్ వివరించిరి.

కొడాక్ సంస్థనే తీసుకొందము. 1975లో ఆ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము అక్కరలేని కెమేరాను నిర్మించెను. ఒక్క చిత్రమును క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకండ్లు పట్టెను. కొడాక్ విభాగములు, లాభములు, లెక్కలు సమస్తము ఫిల్మునకు, రసాయనములకు, కాగితమునకు అనుగుణముగా ఏర్పడియుండెను. తరువాత డిజిటల్ కెమేరాలను అమ్మినను ఆ చట్రము సడలలేదు. 2012 జనవరిలో సంస్థ దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయించెను.

జపానుకు చెందిన ఫ్యూజీఫిల్మ్ కూడ ఫిల్మును నమ్మి బ్రదికినదే. కాని ఫిల్ములోని కొల్లాజెను, రంగు వెలియకుండ కాపాడు రసాయనములు చర్మసంరక్షణకును పనికివచ్చునని అది గ్రహించెను. 2007లో ఆస్టాలిఫ్ట్ పేర సౌందర్యసాధనములను విడుదల చేసెను. ఉన్న విజ్ఞానమునే మరొక వరుసలో పేర్చిన ఫలమిది.

విభాగములు వలదని మేమనము. విద్యకు లోతు వానివలననే కలుగును. ఆ గోడలకు ద్వారములుండవలెనందుము. మన కళాశాలలో రసాయనశాస్త్ర విద్యార్థియు, వాణిజ్యశాస్త్ర విద్యార్థియు, ఉర్దూ చదువరియు, తెలుగు చదువరియు రేపు ఒకే కర్మాగారమున కలిసికొనవచ్చును. ఒకరి పాఠమును మరొకరికి విప్పిచెప్పు అలవాటు ఇచ్చటనే మొదలుకావలెను.