కంప్యూటర్ లోకం: చెట్టంతా తిరిగే అతిథి

గత సంచికలో సమాచారాన్ని వృక్షరూపంలో అమర్చే పద్ధతిని పరిచయం చేశాము. వేరు పైన, కొమ్మలు క్రింద ఉండే ఈ చెట్టులో కావలసిన వస్తువును వెదకడం ఎలాగో ఈసారి చూద్దాం. అందుకు ముందు మా విభాగంలో జరిగిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం యంత్రభాగాల పట్టికను మేము సి ప్లస్ ప్లస్ భాషలో వృక్షంగా రూపొందించాము. పంపు ఒక పెద్ద కొమ్మ. దాని క్రింద అసెంబ్లీలు, విడిభాగాల కిట్లు. చివర ఆకులవలె బేరింగులు, సీళ్ళు, బోల్టులు. విడిభాగానికి, అసెంబ్లీకి, కిట్‌కు వేర్వేరు క్లాసులు వ్రాసి, డ్రాయింగు నెంబరును బట్టి వెదికే పనిని మూడింటిలోనూ పొందుపరిచాము. తరువాత స్టోర్సు వారు, తెప్పించడానికి ఆరు నెలలకు మించి పట్టే భాగాల జాబితా కోరారు. మళ్ళీ ఒక్కొక్క క్లాసును తెరచి కొత్త వెదుకులాటను చేర్చాము. కిట్ క్లాసును మాత్రం మరచిపోయాము. ‘ఇక్కడ ఏమీ లేదు’ అనే సమాధానం దానికి మూల క్లాసు నుండి వారసత్వంగా సంక్రమించింది.

ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, తప్పు చూపలేదు. వార్షిక మరమ్మతులకు పంపు విప్పిన నాడు గాని, కిట్‌లో ఉండవలసిన షాఫ్టు సీలుకు ఇండెంటే వెళ్ళలేదని తెలియలేదు. విప్పిన పంపు చుట్టూ నిలబడిన షిఫ్టు వారికి చెప్పడానికి మా వద్ద సమాధానం లేకపోయింది. లోపం కంప్యూటరుది కాదు, మాదే.

ఇటువంటి చిక్కుకు 1994లో వెలువడిన ‘డిజైన్ పేటర్న్స్’ గ్రంథం ఒక మార్గం చూపింది. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడీస్ అందులో 23 నమూనాలను వివరించారు. వాటిలో ‘విజిటర్’, అనగా అతిథి, ఒకటి.

మన కాలనీనే తీసుకుందాం. ఒకనాడు జనాభా లెక్కల ఉద్యోగి వస్తారు. మరొకనాడు మీటరు చూసేవారు, ఇంకొకనాడు పోలియో చుక్కలు వేసేవారు. వచ్చినవారిని బట్టి మనం ఇల్లు మార్చి కట్టుకోము. తలుపు తీసి, ఇది నివాసమో దుకాణమో చెబుతాము. ఏమి అడగాలో, ఏమి వ్రాసుకోవాలో వచ్చినవారే ఎరుగుదురు.

విజిటర్ పద్ధతి సరిగా ఇదే. చెట్టులోని ప్రతి కణుపులో ‘యాక్సెప్ట్’ అనే ఒక్క తలుపు ఉంటుంది. అతిథి రాగానే కణుపు ‘నేను కిట్‌ను’ లేదా ‘నేను విడిభాగాన్ని’ అని తెలుపుతుంది. వచ్చిన అతిథి ఎవరు, తలుపు తీసిన కణుపు ఏది అనే రెండింటిని బట్టి జరుగవలసిన పని నిర్ణయమవుతుంది. దీనినే డబుల్ డిస్పాచ్ అంటారు. కొత్త వెదుకులాట కావలసివస్తే కొత్త అతిథిని వ్రాస్తే చాలును, పాత క్లాసులను ముట్టనక్కరలేదు. పైగా ప్రతి రకం కణుపుకూ సమాధానం వ్రాసి తీరాలని మూల అతిథిలోనే విధించవచ్చును. అప్పుడు కిట్‌ను మరచిపోతే కంపైలరే ప్రోగ్రామును నిరాకరిస్తుంది. ఆనాడు మాకు కొరవడినది ఈ కాపలాయే.

వెదకడంలో మరొక మెలకువ ఉన్నది. కావలసినది ఒక్కటే అయితే, దొరికిన తరువాత తిరగడం వృథా. 2011లో వెలువడిన జావా 7వ కూర్పులో ఫైళ్ళ వృక్షాన్ని వెదకడానికి ఇదే పోకడలో ఏర్పాటు చేశారు. అతిథి అక్కడ నాలుగు సమాధానాలు ఇవ్వగలడు: ముందుకు సాగుమని, ఇక చాలునని, ఈ కొమ్మలోనికి దిగవద్దని, దీని తోబుట్టువులను విడిచిపెట్టమని.

ఈ పద్ధతికీ పరిమితులు లేకపోలేదు. కొత్త రకం కణుపును చేర్చితే ఉన్న అతిథులందరినీ సవరించవలసి వస్తుంది. కనుక కణుపుల రకాలు స్థిరంగా ఉండి, అడిగే ప్రశ్నలు తరచు మారేచోటనే ఇది రాణిస్తుంది. వేగం కూడ దీనివల్ల పెరగదు. క్రమం లేని చెట్టులో వస్తువు లేనేలేదని తేల్చడానికి ప్రతి కణుపునూ చూడవలసిందే. క్రమబద్ధమై సమతూకంగా ఉన్న ద్విశాఖ వృక్షంలోనైతే 10 లక్షల అంశాలలో ఒకదానిని సుమారు 20 పోలికలతో పట్టుకోవచ్చును. ఆ వృక్షం సంగతి వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం.

ఈలోగా ప్రోగ్రాములు వ్రాసే మన యువ సహోద్యోగులకు ఒక మనవి. ‘ఏమీ దొరకలేదు’ అని మీ ప్రోగ్రాము చెప్పినప్పుడు, అది అంతటా వెదకి చెప్పినదా, వెదకకుండానే చెప్పినదా అని ఒక్కసారి విచారించండి. ఆ తేడా తెలుసుకోవడానికి మేము ఒక పంపును విప్పి కూర్చోవలసి వచ్చింది.