ప్రోగ్రాముల వేగనిర్ణయమున పాటింపవలసిన ప్రమాణములు

భారతీయ భాషా పరిశోధనలో కంప్యూటరు నేడు కేవలము లేఖన సాధనము కాదు. పదసూచికలు కూర్చుట, ప్రయోగములను లెక్కించుట, పాఠములను పోల్చుట మున్నగు పనులకు విద్వాంసులు స్వయముగా ప్రోగ్రాములు వ్రాసికొనుచున్నారు. ఏ ప్రోగ్రామింగు భాష వేగవంతమైనది, ఏ ఆపరేటింగు సిస్టమునందు అది చక్కగా నడచును అను ప్రశ్న పుట్టుట సహజమే. కాని దానికి ఒక్క సంఖ్యతో సమాధానము చెప్పుట శాస్త్రీయము కాదని నా అభిప్రాయము.

ప్రోగ్రాము తానొక్కటే పని చేయదు. ఫైలు తెరచుటకును, మెమరీ పొందుటకును, పనిని పెక్కు ప్రక్రియలకు పంచుటకును అది ఆపరేటింగు సిస్టము నాశ్రయింపవలసినదే. పైథాన్‌ను ఉదాహరణముగా గ్రహింతము. లినక్స్‌నందు 'ఫోర్క్' అను పద్ధతి నడచుచున్న ప్రక్రియకు నకలును శీఘ్రముగా సృష్టించును. విండోస్‌నందు పైథాన్‌కు ఆ సౌకర్యము లేదు. ప్రతి క్రొత్త ప్రక్రియయు పైథాన్‌ను మొదటినుండి ప్రారంభించి, కావలసిన మాడ్యూళ్లను మరల తెచ్చుకొనవలెను. ఇందువలన కలిగిన కాలభేదమును భాషయొక్క గుణదోషముగా నెంచుట తగదు. అదియు స్థిరము కాదు: 2025లో వెలువడిన పైథాన్ 3.14వ కూర్పు లినక్స్‌నందును ఫోర్క్‌ను అలవాటు పద్ధతిగా విడనాడినది. కనుక పాత కొలత క్రొత్త కూర్పునకు ప్రమాణము కాజాలదు.

మన లిపుల విషయమున చిక్కు ఇంకను హెచ్చు. 'తెలుగు' అను మాట మనకు మూడక్షరములు; యూనికోడ్‌లో ఆరు సంకేతములు; యూటీఎఫ్-8 రూపమున 18 బైట్లు, యూటీఎఫ్-16 రూపమున 12. ఆంగ్లాక్షరమునకు యూటీఎఫ్-8లో ఒక్క బైటు చాలును. ఆంగ్లపాఠముపై కొలిచిన వేగము మన పాఠమునకు యథాతథముగా అన్వయింపదని దీనివలననే తేలుచున్నది.

వేగముకంటె ముఖ్యమైనది ఫలశుద్ధి. ఫైలు ఏ సంకేతరూపమున నున్నదో చెప్పనిచో, పైథాన్ 3.14వ కూర్పు వరకు విండోస్‌నందు ఆ యంత్రపు ప్రాంతీయ సంకేతపట్టికనే గైకొనును. పాశ్చాత్య పట్టికయందు మన ఉకారపు గుర్తులోని చివరి బైటునకు అర్థమే లేదు, పఠనము నిలిచిపోవును. దోషములను విస్మరింపుమని ఆజ్ఞాపించినచో పని చకచక సాగును గాని, గణనము తప్పును. అట్టి గణనముపై నిలిచిన సిద్ధాంత వ్యాసమునకు విలువ యేమి?

ప్రాచీన కావ్యమును పరిష్కరించువారు తాము చూచిన తాళపత్ర ప్రతులను, వాని స్థితిని, పాఠభేదములను పీఠికలో తెలుపుదురు. అవి లేని పరిష్కరణమును మనము విశ్వసింపము. ప్రోగ్రాముల పోలికకును అదే న్యాయము చెల్లవలెను. యంత్రమును, ఆపరేటింగు సిస్టమును, భాషాకూర్పును, పాఠపరిమాణమును, సంకేతరూపమును పేర్కొనవలెను. మొదటి పఠనమున డిస్కునుండి వచ్చిన పాఠము రెండవమారు మెమరీనుండి రావచ్చును గనుక, పెక్కుమార్లు కొలిచి ఆ కాలములను వేర్వేరుగా చూపవలెను. అన్నిటికి ముందు, ఉభయత్ర ఫలము ఒక్కటే యని నిరూపింపవలెను.

మన విశ్వవిద్యాలయ శాఖలలో పరిశోధక విద్యార్థికి పాఠపరిష్కరణ విధానము నేర్పుచున్నాము. దానితోపాటు ఈ నియమములను నేర్పుట అదనపు భారము కాదు. ఆ విద్యయే క్రొత్త సాధనములకు విస్తరించుట.