అదను దాటిన మక్కకు యూరియా కన్నా తేదీ లెక్కే రక్ష

బోధన్: వానలు ఆగక వరి కోతలు వెనుకబడిన ప్రతి ఏటా బోధన్ డివిజన్ రైతును ఒకే ప్రశ్న వేధిస్తోంది. పొలం ఆరేసరికి యాసంగి మక్కజొన్న విత్తే అదను దాటిపోతోంది. ఆ తరువాత కూడా విత్తాలా, మానుకోవాలా అన్నది తేల్చుకోవలసి వస్తోంది. విత్తినవారిలో పలువురు యూరియా మోతాదు పెంచి జాప్యాన్ని పూడ్చుకోవచ్చని ఆశిస్తున్నారు. అయితే ఆలస్యపు పంటను దెబ్బతీసేవి ప్రధానంగా రెండు: పూత సమయంలో ఎండలు, గింజ గట్టిపడే సమయంలో నీటి ఎద్దడి. ఈ రెండింటికీ ఎరువు బస్తాలో మందు లేదు.

చెరకు స్థానంలో రెండు పంటలు

ఈ చిక్కు చెరకు కాలంలో ఇంతగా లేదు. 1930వ దశకంలో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ దశాబ్దాల పాటు చెరకు సాగు విస్తరించింది. చెరకు ఏడాది పొడవునా నేలలో ఉండే పంట కనుక యాసంగి అదను అన్న మాటే ఉండేది కాదు. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడిన తరువాత మిగిలిన చెరకు రైతులు కూడా చాలావరకు వరి, సోయా వైపు మళ్లారు. ఏటా రెండు పంటలు తీసే పద్ధతిలో మొదటి పంటకు జరిగిన జాప్యం నేరుగా రెండో పంట మీద పడుతుంది. సోయా పొలాలు అక్టోబరులోనే ఖాళీ అవుతాయి కనుక అక్కడ ఇబ్బంది తక్కువ. ఇబ్బందల్లా వరి కోసిన నల్లరేగడి పొలాలదే. 2025 ఆగస్టు చివరలో కురిసిన అతి భారీ వర్షాలకు నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు మంజీర తీర పొలాలు నీట మునిగిన సంగతి విదితమే. అటువంటి నేలలు దుక్కికి రావడానికి రోజులు పడుతుంది.

పూత తేదీని బట్టి నిర్ణయం

యాసంగి మక్కకు అక్టోబరు 15 నుంచి నవంబరు 15 వరకు అనువైన సమయమన్నది వ్యవసాయ శాస్త్రజ్ఞుల సిఫారసు. చలికాలంలో మక్క పూతకు రావడానికి సుమారు 60 నుంచి 70 రోజులు పడుతుంది. నవంబరు 15న విత్తితే జనవరి మూడో వారంలో పూత మొదలై చల్లని వాతావరణంలోనే గింజ కడుతుంది. డిసెంబరు 20న విత్తితే పూత ఫిబ్రవరి చివరికి జరుగుతుంది. జనవరి 10న విత్తితే మార్చి మధ్యకు చేరుతుంది. మార్చి చివరికి జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరువవుతుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, గాలిలో తేమ తగ్గితే పుప్పొడి శక్తి కోల్పోతుంది, పీచు ఎండిపోతుంది. అప్పుడు కండెలు పైకి బాగానే కనిపించినా లోపల గింజలు చాలావరకు కట్టవు.

కనుక డిసెంబరులో విత్తేవారు దీర్ఘకాలిక సంకర రకాలను విడిచి స్వల్పకాలిక రకాలను ఎంచుకోవాలి. వరి కోయగానే దుక్కి దున్నకుండా, నేలలోని తేమ మీదనే విత్తనం వేసే పద్ధతిని గుంటూరు ప్రాంత రైతులు చాలాకాలంగా పాటిస్తున్నారు. దీనివలన దుక్కి ఖర్చుతో పాటు విలువైన రోజులూ ఆదా అవుతాయి. వరి మోళ్లు తిరిగి చిగురించకుండా, కలుపు పెరగకుండా చూసుకోవడం ఇందులో కీలకం. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల దూరం పాటిస్తే ఎకరాకు సుమారు 33 వేల మొక్కలు ఉంటాయి. ఆలస్యమైందని విత్తనం ఒత్తుగా వేస్తే మొక్కలు నీటికి పోటీపడి కండెలు చిన్నవవుతాయి.

ఎర్రబారితే యూరియా వద్దు

మోకాలెత్తు వచ్చేవరకు మక్క నీటి నిల్వను తట్టుకోలేదు. లేత దశలో మొక్క పెరిగే మొన ఇంకా నేలలోనే ఉంటుంది. రెండు మూడు రోజులు నీరు నిలిచినా వేళ్లకు గాలి అందక మొక్క పసుపు బారుతుంది. ముందుగా కాలువలు తీసి నీటిని బయటకు పంపాలి. తరువాత లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది. చలికి లేత ఆకులు ఊదా రంగుకు మారడం వేరు సంగతి. చలిలో వేళ్లు భాస్వరాన్ని తీసుకోలేకపోవడమే దానికి కారణం. వాతావరణం వేడెక్కితే అది చాలావరకు సర్దుకుంటుంది. అప్పుడు యూరియా చల్లడం వృథా ఖర్చు. నత్రజనిని విత్తేటప్పుడు, మోకాలెత్తు దశలో, పూతకు ముందు విడతలుగా వేస్తేనే ఫలితం దక్కుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు బారులు తీరిన అనుభవం తరువాత బస్తాను వృథా చేయడం తగదు.

సుడిలో పురుగు

2018లో దేశంలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు ఆలస్యపు పైరు మీద ఎక్కువగా ఉధృతమవుతుంది. చుట్టుపక్కల ముందుగా విత్తిన పొలాల నుంచి తల్లి పురుగులు లేత పైరును వెతుక్కుంటూ రావడమే ఇందుకు కారణం. ఆకుల మీద వరుస రంధ్రాలు, సుడిలో రంపపు పొట్టు వంటి విసర్జన కనిపించగానే లీటరు నీటికి 0.4 గ్రాముల ఇమామెక్టిన్ బెంజోయేట్ కలిపి సుడి తడిసేలా పిచికారీ చేయాలి. పురుగు పెద్దదై సుడి లోతుకు చేరాక మందు పనిచేయదు.

చివరి తడి ఎవరికి?

పూత, పీచు దశల్లో, గింజ పాలు పోసుకునేటప్పుడు తడి తప్పితే దిగుబడి నిలువునా పడిపోతుంది. పూత తరువాత బెట్ట, ఎండ తోడైతే కాండం కుళ్లి మొక్కలు వాలిపోతాయి. కాలువ నీరు తడుల వారీగా వచ్చే నిజాంసాగర్ ఆయకట్టు చివరి భూముల్లో మార్చి తడులే గండం. బోరు ఆధారం లేని చివరి భూముల రైతు నీటి విడుదల షెడ్యూలును చూసుకున్న తరువాతే విత్తనం కొనడం క్షేమం.

మార్కెట్ లెక్కా విస్మరించరానిది. 2025-26లో కేంద్రం మక్కకు క్వింటాలుకు రూ. 2,400 మద్దతు ధర ప్రకటించింది. ఆ ధర దక్కాలంటే గింజలో తేమ 14 శాతం మించరాదు. ఆలస్యపు పంట నూర్పిడికి వచ్చే ఏప్రిల్, మే నెలల్లో అకాల వర్షాల బెడద ఉంటుంది కనుక కల్లంలో టార్పాలిన్లు సిద్ధంగా ఉండాలి.

డిసెంబరు దాటి, బోరు కూడా లేని పొలంలో మక్కకు పెట్టుబడి పెట్టడం జూదమే. అటువంటి చోట జనవరి రెండో పక్షంలో నువ్వులు విత్తుకోవచ్చు. పాడి ఉన్నవారు మక్కనే పచ్చిమేతకు వేసుకోవచ్చు. అసలు పరిష్కారం జూన్‌లోనే మొదలవుతుంది. యాసంగిలో మక్క వేయదలచిన మడిలో వానాకాలం స్వల్పకాలిక వరి నాటితే, వాన నాలుగు రోజులు ఎక్కువ కురిసినా అదను చేతిలోనే ఉంటుంది.